పర్యటన పట్టికను చదవడం ఎట్లా?

సావనీరుకు ఆటల మీద ఒక వ్యాసం రాసివ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినాడు. "కథలొద్దు సార్, నలుగురికీ పనికొచ్చేది రాయండి" అని షరతు కూడా పెట్టినాడు. నేను ఎంచుకున్న విషయం, విదేశ పర్యటనకు పోయిన జట్ల ఫలితాల పట్టిక. ఎన్ని ఆడినారు, ఎన్ని గెలిచినారు, ఎన్ని ఓడినారు, ఎన్ని తేలకుండా పోయినాయి అనే నాలుగు అంకెల వరుస. చూడడానికి ఇంతకన్నా సులువైన లెక్క లేదు. కాని దీన్ని చదవడానికి ఒక పద్ధతి ఉందని, ఆ పద్ధతి తెలియకపోతే అంకెలు మనకు అబద్ధం చెబుతాయని నా అభిప్రాయం.

ఈ విషయమే తీసుకోవడానికి కారణం ఉంది. రాయచోటి నుంచి మన జట్లు ఏటా కడపకో, తిరుపతికో, అనంతపురానికో పోతుంటాయి. గువ్వలచెరువు ఘాటు దిగి పోయి, ఆడి, రాత్రి బస్సుకు తిరిగి వస్తాయి. ఈసారి ఆటల పద్దు మీద చర్చ జరిగినప్పుడు ఒక ప్రశ్న లేచింది: "పోయినచోటల్లా ఓడి వచ్చేవాళ్ళకు బస్సు ఛార్జీలు, బత్తా దండగ కదా? ఆ దుడ్డుతో ఇక్కడే నాలుగు పోటీలు పెట్టుకుంటే పోలేదా?" ప్రశ్న న్యాయమైనదే. దుడ్డు విద్యార్థులది, అడిగే హక్కు వాళ్ళకుంది. నిర్ణయం మాత్రం వచ్చే సంవత్సరపు సంఘానికి వదిలిపెట్టినారు. ఆ నిర్ణయం చేయబోయేవాళ్ళు చదువుకుంటారనే ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు 'పర్యటన' అనే మాట గురించి కొంచెం చెప్పుకోవాలి. ఇవాళ జట్లు విమానంలో పోయి కొద్ది వారాల్లో తిరిగి వస్తున్నాయి. పూర్వం అట్లా కాదు. రోజుల తరబడి ఓడ ప్రయాణం చేసి, ఆ దేశంలో నెలల తరబడి ఊరూరూ తిరిగి ఆడేవాళ్ళు. మన కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం ఊరూరా మకాం వేసి నాటకాలాడినట్లే అనుకోండి. ఇంగ్లండుకు పోయిన క్రికెట్ జట్టు వారానికి రెండు మ్యాచ్‌లు ఆడేది. ఒకటి ముగిసిందంటే రైలెక్కి ఇంకో ఊరికి. ఎక్కువ మ్యాచ్‌లు కౌంటీలతో, అంటే అక్కడి జిల్లా జట్లతో. మధ్యలో ఆ దేశపు పూర్తి జట్టుతో ఆడేది టెస్టు. కౌంటీ మ్యాచ్‌కు మూడు రోజులు గడువు. గడువులోపల ఫలితం తేలకపోతే డ్రా. అందుకే క్రికెట్ పట్టికలో గెలుపు, ఓటమితోపాటు ఈ మూడో గడికి కూడా అంత చోటు.

ఈ పర్యటనల పద్ధతి రగ్బీలో కూడా ఉంది. రగ్బీ మన వైపు చాలామంది చూసి ఉండరు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకొని పరుగెత్తి, ఎదుటివాళ్ళ గీత దాటించే ఆట అది. చేత్తో పక్కవాడికి అందించాలంటే వెనక్కే విసరాలి, ముందుకు విసరగూడదు. 1905లో న్యూజీలాండ్ జట్టు బ్రిటన్, ఐర్లండ్, ఫ్రాన్స్, ఉత్తర అమెరికాలు తిరిగి 35 మ్యాచ్‌లు ఆడి 34 గెలిచింది. వాళ్ళు చేసిన పాయింట్లు 976, వాళ్ళ మీద పడినవి 59 మాత్రమే. ఓడిన ఆ ఒక్కటి 1905 డిసెంబరు 16న కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో, 3-0 తేడాతో. ఆ మ్యాచ్‌లో డీన్స్ అనే ఆటగాడు బంతిని గీత దాటించినాడా లేదా అనే వాదం నూరేళ్ళు దాటినా ఆగలేదు. 34 గెలుపుల్లో ఎన్నింటి సంగతి జనానికి గుర్తుంది? ఆ ఒక్క ఓటమిని మాత్రం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. పట్టికను చూసే కంటికి మొదటినుంచీ ఉన్న జబ్బు ఇది. ఒక గడి మీదే పడుతుంది, వరుస మొత్తాన్ని చూడదు.

ఇప్పుడు మన దేశం సంగతికి వద్దాం. ఇక్కడి నుంచి మొట్టమొదట ఇంగ్లండుకు పోయి క్రికెట్ ఆడినవాళ్ళు బొంబాయి పార్సీలు. వాళ్ళ రెండు పర్యటనల ఫలితాలు ఇవి:

1886: ఆడినవి 28, గెలిచినవి 1, ఓడినవి 19, డ్రా 8.
1888: ఆడినవి 31, గెలిచినవి 8, ఓడినవి 11, డ్రా 12.

మొదటి వరుసను ఒంటరిగా చదివితే ఏమనిపిస్తుంది? 28 ఆడి 1 గెలవడానికి సముద్రం దాటి పోవాలా అనిపిస్తుంది. ఆ రోజుల్లో కూడా అట్లా అన్నవాళ్ళు లేకుండా ఉండరు. అయినా రెండేండ్లకే మళ్ళీ బయలుదేరినారు. గెలుపు ఒకటి నుంచి ఎనిమిదికి పెరిగింది, ఓటమి పంతొమ్మిది నుంచి పదకొండుకు దిగింది. ఆ రెండో పర్యటనలో పావ్రీ అనే బౌలరు ఒక్కడే 170 వికెట్లు తీసినాడు. 1886 పట్టికకు అర్థం 1888 పట్టిక పక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. మొదటి సూత్రం ఇదే. ఒక వరుసను ఎన్నడూ ఒంటరిగా చదవగూడదు.

దేశం మొత్తం నుంచి ఎంపిక చేసిన జట్టు మొదటిసారి పోయింది 1911లో. నాయకుడు పటియాలా మహారాజు. మొత్తం 23 మ్యాచ్‌లలో 6 గెలిచి, 15 ఓడి, 2 డ్రా చేసుకున్నారు. కౌంటీల స్థాయి మ్యాచ్‌లు, అంటే ఫస్ట్‌క్లాస్‌వి, 14 మాత్రమే లెక్కపెడితే గెలుపు 2, ఓటమి 10, డ్రా 2. చూడండి, ఒకే పర్యటనకు రెండు పట్టికలు. రెండూ నిజమే. ఏ స్థాయి మ్యాచ్‌లను లెక్కలోకి తీసుకున్నామో చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే అది సగం నిజం. రెండో సూత్రం ఇది. ఎదుటి జట్టు ఎవరో అడగాలి.

ఆ 1911 పట్టికలో కనిపించనిది ఇంకొకటి ఉంది. పల్వంకర్ బాలూ అనే ఎడమచేతి స్పిన్నరు ఆ పర్యటనలో 114 వికెట్లు తీసినాడు. ఆయన దళితుడు. స్వదేశంలో తోటి ఆటగాళ్ళతో కలిసి కూర్చుని టీ తాగనివ్వని రోజులు చూసినవాడు. హిందువుల జట్టుకు ఏండ్ల తరబడి ఆడినా ఆయనను నాయకుణ్ణి చేయలేదు. ఓడిన జట్టులో గెలిచిన మనిషి ఆయన. 15 ఓటముల గడిలో ఆయన పేరు వెతికితే దొరకదు.

ఇక 1932. మన తెలుగువాళ్ళు తప్పక తెలుసుకోవలసిన పర్యటన. ఇంగ్లండుతో మొదటి టెస్టు ఆడిన భారత జట్టు ఇది. నాయకత్వానికి ఎంపికైనవాడు పోర్‌బందర్ మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాజకుటుంబీకుడు. మహారాజు తన ఆట ఆ స్థాయిది కాదని ఒప్పుకొని తప్పుకున్నాడు. అది ఆయన గొప్పతనం. ఉపనాయకుడికి దెబ్బ తగిలింది. అట్లా టెస్టులో నాయకత్వం కొఠారి కనకయ్య నాయుడికి వచ్చింది. నాగపూరులో 1895లో పుట్టిన సి.కె. నాయుడు తెలుగు కుటుంబం వాడు, పూర్వీకులది మచిలీపట్నం.

టెస్టు 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైంది. ఇంగ్లండు ఓపెనర్లు హోమ్స్, సట్‌క్లిఫ్. పది రోజుల ముందే ఈ ఇద్దరూ యార్క్‌షైర్ తరఫున ఎసెక్స్ మీద మొదటి వికెట్టుకు 555 పరుగులు చేసి ప్రపంచ రికార్డు పెట్టినవాళ్ళు. అట్లాంటి జంటను మహమ్మద్ నిస్సార్ తన వేగంతో ఇద్దరినీ బౌల్డ్ చేసి పంపినాడు. వెంటనే వూలీ రనౌటు. స్కోరు 19కి 3. లార్డ్స్‌లో కూర్చున్నవాళ్ళు నమ్మలేదు. తర్వాత జార్డిన్ నిలబడి ఇంగ్లండును 259కి చేర్చినాడు. మనవాళ్ళు 189. అందులో ఎక్కువ పరుగులు చేసింది నాయుడే, 40. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలించుకొని కూడా ఆడినాడు. రెండో ఇన్నింగ్సులో ఇంగ్లండు 8 వికెట్లకు 275 దగ్గర ఆపివేసింది. మనవాళ్ళు 187. అమర్ సింగ్ చేసిన 51 భారతదేశానికి టెస్టుల్లో మొదటి అర్ధశతకం. 158 పరుగుల తేడాతో ఓటమి.

టెస్టుల పట్టికలో ఇది: ఆడినవి 1, ఓడినవి 1. అంతే. కాని పర్యటన మొత్తంలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల పట్టిక చూడండి: ఆడినవి 26, గెలిచినవి 9, ఓడినవి 8, డ్రా 9. ఓటముల కన్నా గెలుపులు ఒకటి ఎక్కువ! 1911లో 14కు 2 గెలిచిన దేశం ఇది. అమర్ సింగ్ 111 వికెట్లు, నిస్సార్ 71. నాయుడు 1,618 పరుగులు, 65 వికెట్లు. బర్మింగ్‌హాంలో వార్విక్‌షైర్ మీద 162 చేసినప్పుడు ఆయన కొట్టిన ఒక సిక్సరు రియా అనే యేరు దాటి పడిందనీ, ఆ యేరే కౌంటీ పొలిమేర కాబట్టి బంతి ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పోయిందనీ చెప్పుకుంటారు. మనవాడు ఎవడన్నా రాయచోటిలో కొడితే మాండవ్య అవతల పడినట్లు. మరుసటి ఏడు విజ్డెన్ వార్షిక గ్రంథం ఎంపిక చేసిన అయిదుగురు ఉత్తమ క్రికెటర్లలో నాయుడు ఒకడు.

అట్లని అదే పర్యటనలో చీకటి రోజులు లేవనుకోవద్దు. హారోగేట్‌లో యార్క్‌షైర్ మీద ఒక ఇన్నింగ్సులో 66కే అందరూ ఔట్. మెకాలే అనే బౌలరు 21 పరుగులిచ్చి 8 వికెట్లు తీసినాడు. వానకు తడిసి, ఎండకు ఆరుతున్న పిచ్ మీద బంతి ఎట్లా తిరుగుతుందో మన ఎండల్లో నేర్చుకునేది కాదు. పోయి దెబ్బ తిని నేర్చుకోవలసిందే.

నాలుగేండ్ల తర్వాత 1936 పర్యటన. ఈసారి నాయకుడు విజయనగరం రాజకుటుంబానికి చెందిన మహారాజకుమార్, జనం 'విజ్జీ' అని పిలిచినవాడు. అంటే నాయకుడూ మన తెలుగు గడ్డ కుటుంబం వాడే, జట్టులో పెద్ద ఆటగాడు నాయుడూ తెలుగువాడే. నిస్సార్, అమర్ సింగ్ ఇద్దరూ ఆడినారు. కొత్తగా మర్చంట్, ముస్తాక్ అలీ వచ్చినారు. బలం పెరిగిందే గాని తగ్గలేదు. ఫలితం? ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు 28, గెలిచినవి 4, ఓడినవి 12, డ్రా 12. మూడు టెస్టుల్లో రెండు ఓటమి, ఒకటి డ్రా.

ఇట్లా ఎందుకైంది? జట్టులో వర్గాలు పడినాయి. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపివేసినారు. నాయకుడు మూడు టెస్టుల్లో కలిపి చేసినవి 33 పరుగులు. 1932లో మహారాజు తాను తప్పుకొని ఆటగాడికి చోటిచ్చినాడు, 1936లో నాయకుడు తప్పుకోలేదు. అయినా ఆ చెడ్డ పట్టికలోనే మాంచెస్టర్ టెస్టు ఉంది. మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 చేసి, ఇద్దరూ శతకాలు కొట్టిన మ్యాచ్. ఓవల్‌లో తన చివరి టెస్టు ఇన్నింగ్సులో నాయుడు 81 చేసినాడు. అప్పటికి ఆయన నలభై దాటినవాడు. మూడో సూత్రం: ఓటమి వచ్చినప్పుడు అది ఆటగాడి చేతిలోనుంచి వచ్చిందా, ఆటను నడిపేవాళ్ళ చేతిలోనుంచి వచ్చిందా అని అడగాలి. మందు ఒకచోట, నొప్పి ఇంకొకచోట అయితే రోగం కుదరదు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా ఇంగ్లండులో టెస్టు గెలవడం మనకు అందని పండే. 1932 నుంచి 1967 వరకు ఆరు పర్యటనల్లో అక్కడ మనం ఆడిన టెస్టులు 19. గెలిచినవి సున్న. ఓడినవి 15. డ్రా 4. 1952లో లీడ్స్‌లో రెండో ఇన్నింగ్సు పరుగులు పుట్టకముందే నాలుగు వికెట్లు పోయినాయి. అదే టెస్టులో హైదరాబాదు ఆఫ్‌స్పిన్నరు గులాం అహ్మద్ మొదటి ఇన్నింగ్సులో 63 ఓవర్లు వేసి 100 పరుగులకు 5 వికెట్లు తీసిన సంగతి తలచేవాళ్ళు తక్కువ.

1967-68 శీతాకాలం ఇంకా విచిత్రం. పటౌడి నాయకత్వంలో జట్టు ఆస్ట్రేలియా పోయి నాలుగు టెస్టులూ ఓడింది. హైదరాబాదు ఆటగాడు ఆబిద్ అలీ తన మొదటి టెస్టులోనే అడిలైడ్‌లో 55 పరుగులకు 6 వికెట్లు తీసినాడు. సికింద్రాబాదులో పుట్టిన ఎం.ఎల్. జయసింహను మధ్యలో పిలిపిస్తే, విమానం దిగి కొద్దిరోజుల్లోనే బ్రిస్బేన్‌లో 74, 101 చేసినాడు. ఆ మ్యాచ్ పోయింది 39 పరుగుల తేడాతో. అక్కడినుంచి అదే జట్టు న్యూజీలాండ్ పోయింది. నాలుగు టెస్టుల్లో మూడు గెలిచింది. 1968 ఫిబ్రవరిలో డనీడిన్‌లో వచ్చిన గెలుపు విదేశీ గడ్డ మీద భారతదేశానికి మొదటి టెస్టు విజయం. మెల్‌బోర్న్‌లో ఇన్నింగ్స్ తేడాతో ఓడిన రోజు "ఇంక చాలు, ఇంటికి రాండి" అని ఉంటే ఆ గెలుపు ఎక్కడిది?

మూడేండ్లకు 1971 ఆగస్టు 24న ఓవల్‌లో చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీసి ఇంగ్లండును 101కి కూల్చిన మ్యాచ్‌లో మనవాళ్ళు 4 వికెట్ల తేడాతో గెలిచినారు. చివరి బౌండరీ కొట్టింది ఆబిద్ అలీ. 2025లో ఆయన కన్నుమూసినప్పుడు అందరూ మొదట తలచుకున్నది ఆ షాటునే. ఇంగ్లండులో అది మనకు 22వ టెస్టు. ముందు 21 ఆడకుండా 22వది ఎవరికీ దొరకదు.

డ్రా గడిని గురించి కూడా ఒక మాట. దాన్ని చాలామంది ఖాళీ గడిలాగా దాటిపోతారు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు చివరిరోజు మన ఆంధ్ర ఆటగాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలిచినాడు. రెండోవైపు అశ్విన్. పట్టికలో పడింది 'డ్రా 1'. ఆ సిరీస్ మొదటి టెస్టులో అడిలైడ్‌లో మనం 36కే ఔటైనాము. సిడ్నీలో ఓడి ఉంటే సిరీస్ గెలిచే ఆశ అక్కడితో పోయేది. ఆ డ్రా నిలబడింది కాబట్టే, వారం తర్వాత బ్రిస్బేన్‌లో హైదరాబాదు సిరాజ్ 5 వికెట్లు తీసిన మ్యాచ్ గెలిచి, సిరీస్ 2-1తో మనదైంది. నాలుగో సూత్రం: తేలని మ్యాచ్‌లో ఏం నిలబడిందో చూడాలి.

ఈ నాలుగు ప్రశ్నలు మన సీమ రైతుకు కొత్త కాదు. శెనక్కాయ ఎకరాకు ఎన్ని మూటలైందని అడిగితే, వెంటనే "ఎన్ని పదున్లు పడినాయి? నేల ఎట్లాంటిది? పోయిన ఏడు ఎంత?" అని ఎదురు అడుగుతాడు. ఒక అంకెతో తీర్పు చెప్పడు. ఒక ఏడు పంట పోయిందని విత్తనం గింజలు అమ్ముకోడు.

ఇప్పుడు మన పద్దు సంగతి. బయటికి పోయే జట్టు ఖర్చును సంఘం ప్రశ్నించడం తప్పు కాదు, ప్రశ్నించాల. కాని తీర్పు చెప్పేముందు కావలసిన వివరాలు ఇవాళ మన దగ్గర కాగితం మీద లేవు. 'ఓడినారు' అనే మాట ఒక్కటే ఉంది. ఎవరి మీద ఓడినారు? ఎంత తేడాతో? ఆ జట్టులో మొదటిసారి బయట ఆడినవాళ్ళు ఎందరు? పోయిన ఏడు అదే జట్టు మీద ఎట్లా ఆడినారు? ప్రయాణం చేసిన రోజే ఆడించినారా, ముందురోజు చేరినారా? జట్టును ఎవరు, ఎట్లా ఎంపిక చేసినారు?

కాబట్టి వచ్చే సంవత్సరపు సంఘానికి నా మనవి రెండే. ఒకటి, ఆటల విభాగంలో ఒక బౌండు నోట్‌బుక్ పెట్టండి. ప్రతి మ్యాచ్‌కు ఒక పేజీ. తేదీ, ఊరు, ఎదుటి జట్టు, స్కోరు, మనవాళ్ళ పేర్లు, ఎవరికి అది మొదటి మ్యాచ్ అన్నది, కెప్టెన్ స్వహస్తంతో రాసిన నాలుగు వాక్యాలు. రెండు, ఆ పుస్తకం మూడేండ్లు నిండేవరకు ప్రయాణపు పద్దు మీద కత్తెర వేయవద్దు. పార్సీలకు రెండేండ్లలో తేడా కనిపించింది, మనకు మూడు ఇద్దాం. అప్పటికీ వరుసలో కదలిక లేకపోతే పద్దు తగ్గించమని చెప్పేవాళ్ళలో నేను కూడా చేయెత్తుతాను.

నోట్‌బుక్ ఖరీదు ఒక విద్యార్థి బస్సు టిక్కెట్టు కన్నా ఎక్కువ కాదు. జూన్‌లోనే కొనండి, మొదటి మ్యాచ్ నుంచే రాయండి.